చేత్తో వాల్వులు రుద్దే పనిముట్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆయిలింజను గానీ, ట్రాక్టరు గానీ, పాత మోటారు సైకిలు గానీ హెడ్డు (సిలిండరు పైమూత) దించిన ప్రతిసారీ షెడ్డులో ఒక చిన్న చెక్కపుల్ల బయటికి వస్తుంది. దాని ఖరీదు తక్కువ, వాడకం తేలిక అనిపిస్తుంది. అందుకే దాన్ని తప్పుగా వాడేవారు కూడా ఎక్కువ. సొంత ఇంజను తామే విప్పుకొనే రైతులు, కొత్తగా పని నేర్చుకుంటున్న కుర్రవాళ్లు, పాత వాహనాలను ఇష్టంగా నిలబెట్టుకొనే వారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి.

ఈ పనిముట్టు ఏమిటి? దుకాణంలో ఏ పేరుతో అడగాలి?

పాఠ్యపుస్తకాల్లో కవాటం అని రాసేదాన్ని షెడ్డులో అందరూ వాల్వు అనే అంటారు. స్పేరు పార్టుల దుకాణంలో "వాల్వు గ్రైండింగ్ స్టిక్కు" అనో "వాల్వు ల్యాపింగ్ స్టిక్కు" అనో అడిగితే ఇస్తారు. జానెడు పొడవున్న నున్నటి చెక్కపుల్లకు ఒక కొసనో, రెండు కొసలకో రబ్బరు కప్పులు బిగించి ఉంటాయి. కప్పును కాస్త తడిపి వాల్వు తల మీద అదిమితే లోపలి గాలి బయటికి పోయి అది గట్టిగా పట్టుకుంటుంది. పుల్లను రెండు అరచేతుల మధ్య ఉంచి, చేతికవ్వంతో మజ్జిగ చిలికినట్టు అటూ ఇటూ తిప్పితే వాల్వు తన సీటు (మూసుకున్నప్పుడు అది ఆనుకొనే వలయం) మీద తిరుగుతుంది. మధ్యలో పూసిన గరుకు పేస్టు రెండు ముఖాలనూ కొద్దికొద్దిగా అరగదీసి ఒకదానికొకటి సరిపోయేలా చేస్తుంది.

వాల్వు, సీటు అంత కచ్చితంగా ఎందుకు కలవాలి?

నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ప్రతి వాల్వూ ఒకసారి తెరుచుకొని మూసుకుంటుంది. నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఆయిలింజనులో అది నిమిషానికి 750 సార్లు, గంటకు 45,000 సార్లు. మూసుకున్న ప్రతిసారీ గాలి బయటికి పోకుండా ఆపవలసింది మిల్లీమీటరున్నర వెడల్పుండే ఆ సన్నని వలయమే.

గాలిని ఆపడం దాని పనిలో సగమే. ఎగ్జాస్టు వాల్వు తల మీదుగా మండిన వాయువులు పోతుంటాయి కనుక అది కొన్ని వందల డిగ్రీల వేడిలో పనిచేస్తుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం వాల్వు మూసుకొని ఉన్న వ్యవధిలో సీటు గుండా హెడ్డులోకి, అక్కడినుంచి నీటికో గాలికో చేరుతుంది. మిగిలినది కాడ (వాల్వు తలకింది సన్నని కడ్డీ) మీదుగా గైడులోకి (కాడ జారే గొట్టంలోకి) వెళ్తుంది. వలయంలో ఒకచోట చిన్న గుంట ఉంటే ఆ చోట వేడి దిగదు. పైగా మంట ఆ సందులోంచే దూసుకుపోతుంది. కొద్ది రోజుల్లో అంచు కరిగి చీలినట్టవుతుంది. "వాల్వు కాలిపోయింది" అని మెకానిక్కులు చెప్పేది దీన్నే.

వాల్వులు రుద్దవలసి వచ్చిందని ఎలా తెలుసుకోవాలి?

హ్యాండిలుతో తిప్పే ఆయిలింజను అయితే తెలుసుకోవడం తేలిక. డీకంప్రెషన్ లివరు (వాల్వును తెరిచి పట్టి ఇంజను తేలిగ్గా తిరిగేలా చేసే మీట) వదిలేసి, ఇంజనును స్టార్టు చేసే ఉద్దేశం లేకుండా హ్యాండిలును నెమ్మదిగా కంప్రెషను దాకా తీసుకువెళ్లాలి. ఇంజను బాగుంటే చేతికి స్ప్రింగులాంటి ఎదురు ఒత్తిడి తగిలి కొంతసేపు నిలుస్తుంది. లీకు ఉంటే ఆ ఒత్తిడి జారిపోతూ ఎక్కడో "స్స్" అనే శబ్దం వస్తుంది. అది ఎయిర్ క్లీనరు వైపు వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సరు వైపు వినిపిస్తే ఎగ్జాస్టు వాల్వు, ఆయిలు పోసే మూత దగ్గర వినిపిస్తే పిస్టన్ రింగులు కారణం. పెట్రోలు ఇంజనులో కంప్రెషన్ గేజితో కొలిచి, ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ కొలవాలి. రీడింగు బాగా పెరిగితే లోపం రింగుల్లో ఉంది. పెరగకపోతే వాల్వులనో, హెడ్ గాస్కెట్టునో (హెడ్డుకూ బ్లాకుకూ మధ్య వేసే పలక) అనుమానించాలి.

అయితే హెడ్డు విప్పే ముందు తప్పక చేయవలసిన పని ఒకటుంది. ట్యాపెట్ క్లియరెన్సు, అంటే వాల్వు కాడ కొసకూ దాన్ని నెట్టే భాగానికీ మధ్య వదిలే సందు, చూడాలి. ట్యాపెట్టు బిగుసుకుపోతే వాల్వు ఎంత బాగున్నా పూర్తిగా మూసుకోదు, లక్షణాలన్నీ కాలిన వాల్వులాగే కనిపిస్తాయి. ఫీలరు గేజితో (సందులు కొలిచే పలచటి రేకులతో) పది నిమిషాల్లో సరిచేయగలిగే దానికి హెడ్డు దించి గాస్కెట్టు పాడుచేసుకోవడం చాలాచోట్ల చూస్తుంటాం.

పళ్లచక్రాలతో పనిచేసే రకం కూడా ఉందంటారు. రెండింటిలో ఏది మంచిది?

పిడి పట్టుకొని తిప్పే పాతకాలపు చేతి డ్రిల్లును పోలిన పనిముట్టు అది. పక్కనున్న హ్యాండిలును ఒకే వైపు తిప్పుతుంటే, లోపలి పళ్లచక్రాల అమరిక వల్ల కింది కడ్డీ కొంత ముందుకు, కొంత వెనక్కు తిరుగుతుంది. కొన్నింటిలో వెనక్కు వచ్చే కోణం ముందుకు వెళ్లే కోణం కంటే కొద్దిగా తక్కువ ఉంటుంది. అందువల్ల వాల్వు అటూ ఇటూ ఊగుతూనే మెల్లగా చుట్టూ జరుగుతుంది. ఎనిమిది, పన్నెండు వాల్వులున్న హెడ్డును ఒకే రోజులో ముగించవలసిన చోట అది అరచేతులు బొబ్బలెక్కకుండా కాపాడుతుంది.

ఆ రకం పనిముట్లు మోటారు వాహనాల తొలి దశాబ్దాల్లో విరివిగా ఉండేవి. అప్పటి చాలా వాల్వుల తల మీద స్క్రూడ్రైవరు పట్టే గాడి గానీ, రెండు చిన్న రంధ్రాలు గానీ ఉండేవి కాబట్టి రబ్బరు కప్పుతో అవసరం ఉండేది కాదు. ఇప్పటి వాల్వుల తల నున్నగా ఉంటుంది కనుక ఆ పనిముట్లకు కూడా కొసన రబ్బరు కప్పే తగిలించాలి.

ఒకటి రెండు సిలిండర్ల ఇంజనుకు నా ఓటు మామూలు పుల్లకే. పేస్టు కోస్తున్నప్పటి గరగర అరచేతికి నేరుగా తెలుస్తుంది. పళ్లచక్రాలు మధ్యలోకి వస్తే ఆ స్పర్శలో సగం పోతుంది. కొనేటప్పుడు 16 నుంచి 35 మి.మీ. దాకా వేర్వేరు సైజుల కప్పులున్న రెండు పుల్లల సెట్టు తీసుకోవడం మంచిది. కప్పు వాల్వు తల కంటే కాస్త చిన్నదిగా ఉండాలి. పెద్దదైతే అంచులు సీటుకు తగిలి పేస్టును గీకేస్తాయి.

గ్రైండింగ్ పేస్టు ఏది వాడాలి?

రఫ్, ఫైన్ అని రెండు రకాలు దొరుకుతాయి. ఒకే డబ్బాకు అటొక మూత, ఇటొక మూత పెట్టి రెండూ కలిపి అమ్మేవారు కూడా ఉన్నారు. అందులో కోసే పదార్థం ఎక్కువగా సిలికాన్ కార్బైడు. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ కృత్రిమంగా తయారుచేసి కార్బొరండం అని పేరు పెట్టినది అదే. మన మెకానిక్కుల్లో కొందరు నేటికీ ఏ కంపెనీ పేస్టునైనా కార్బొరండం అనే పిలుస్తారు.

గుంటలు కంటికి కనిపిస్తుంటేనే రఫ్ పేస్టు ముట్టాలి. ముఖం బూడిదరంగులో సమానంగా ఉండి, అక్కడక్కడ మాత్రమే మరకలుంటే ఫైన్ పేస్టు ఒక్కటే సరిపోతుంది. రఫ్‌తో మొదలుపెట్టి ఫైన్‌తో ముగించేటప్పుడు, మధ్యలో వాల్వును, సీటును కిరసనాయిలుతో పూర్తిగా కడిగి తుడవాలి. ఒక్క ముతక రేణువు మిగిలినా ఫైన్ పేస్టుతో చేసిన పని మీద అది గీతలు పెడుతుంది. నీటితో కరిగే పేస్టు, నూనెతో చేసిన పేస్టు అని కూడా తేడా ఉంది. నీటితో కరిగేది కడగడానికి తేలిక గానీ, ఇనుప సీటును తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది కనుక వెంటనే ఆరబెట్టి నూనె చేయి తగిలించాలి.

హెడ్డు దించిన తరువాత రుద్దే ముందు ఏమేమి చూడాలి?

అసలు పనితనం ఇక్కడే ఉంది. స్ప్రింగు కంప్రెసరుతో స్ప్రింగును అదిమి, వాల్వు లాకులు (స్ప్రింగును కాడకు పట్టి ఉంచే చిన్న ముక్కలు) తీసేటప్పుడు మొహాన్ని పక్కకు ఉంచాలి. జారితే అవి తూటాలా ఎగురుతాయి. తీసిన ప్రతి వాల్వునూ ఏ రంధ్రంలోంచి వచ్చిందో గుర్తుండేలా అట్టముక్కకు వరుసగా రంధ్రాలు చేసి గుచ్చిపెట్టుకోవాలి. రుద్దిన తరువాత వాల్వూ సీటూ ఒక జత అవుతాయి. అటుది ఇటు వేస్తే పడిన శ్రమంతా వృథా.

తరువాత మసి తీయాలి. మసి పెచ్చులు పేస్టులో కలిస్తే కోత సమంగా జరగదు. శుభ్రమైన వాల్వును గైడులో కొద్దిగా పైకెత్తి పట్టుకొని పక్కలకు ఊపి చూడాలి. బాగా ఊగుతుంటే గైడు అరిగిపోయింది. ఇక్కడ చాలామంది తొందరపడతారు. గైడు వదులైతే వాల్వు ప్రతిసారీ కొద్దిగా వేరే చోట కూర్చుంటుంది కాబట్టి ఎంత రుద్దినా ఆ సీలు (గాలి పోకుండా పట్టే బిగువు) నిలవదు. ముందు గైడు, తరువాత సీటు, ఆ తరువాతే రుద్దడం. కాడ వంగిందో లేదో గాజు పలక మీద దొర్లించి చూస్తే తెలిసిపోతుంది.

వాల్వు తల అంచు మందం కూడా కొలవాలి. ముఖానికీ, తల పైభాగానికీ మధ్య మిగిలిన నిటారు అంచు అది. ఎగ్జాస్టు వాల్వులో ఆ మందం 1 మి.మీ. కంటే తగ్గి కత్తి అంచులా మారుతుంటే, ఆ వాల్వును మార్చడమే మేలు. పలచటి అంచు త్వరగా ఎర్రబడి కాలిపోతుంది. మీ ఇంజనుకు ఇచ్చిన కచ్చితమైన హద్దు మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే పాటించండి. ముఖం మీద గాడి పడినా, అంచు చీలినా, గుంటలు గోరుకు తగిలేంత లోతుగా ఉన్నా ఈ చెక్కపుల్లతో అయ్యే పని కాదు. లేతు షాపుకు పంపాలి.

సరిగ్గా ఎలా రుద్దాలి?

హెడ్డును బల్ల మీద కదలకుండా, దహనగది వైపు పైకి వచ్చేలా పెట్టుకోండి. కాడకు రెండు చుక్కల ఇంజనాయిలు పట్టించండి. అది కాడను తేలిగ్గా తిప్పడంతో పాటు పేస్టు గైడులోకి దిగకుండా కొంత అడ్డుకుంటుంది. పేస్టును వాల్వు ముఖం మీద నాలుగైదు చోట్ల బియ్యపుగింజ పరిమాణంలో పెడితే చాలు, తిప్పగానే అదే సమంగా పరచుకుంటుంది. ఎక్కువ పెడితే త్వరగా అరుగుతుందని అనుకోవడం పొరపాటు. మిగులు పేస్టు కాడ వెంట జారి గైడును అరగదీస్తుంది.

వాల్వును రంధ్రంలో దించి, కప్పును తల మధ్యలో అతికించి, పుల్లను అరచేతుల మధ్య తిప్పాలి. ప్రతి ఊపూ పావు చుట్టు నుంచి అర చుట్టు లోపలే ఉండాలి. నాలుగైదు ఊపులకొకసారి వాల్వును సీటు మీంచి కాస్త పైకెత్తి, పావు చుట్టు జరిపి, మళ్లీ దించి కొనసాగించాలి. పైకెత్తినప్పుడు పక్కకు నెట్టబడిన పేస్టు తిరిగి ముఖాల మధ్యకు చేరుతుంది. చోటు మార్చడం వల్ల ఒకే భాగం మీద కోత పడకుండా ఉంటుంది. గైడు చుట్టూ వాల్వు తల కింద ఒక మెత్తటి, బలహీనమైన స్ప్రింగు పెట్టుకుంటే చేతి ఒత్తిడి తగ్గించగానే వాల్వు దానంతటదే లేస్తుంది. అనుభవజ్ఞులు చాలామంది ఇలాగే చేస్తారు.

బలంగా అదమకండి. పేస్టులోని రేణువులే కోస్తాయి. మీరు అదిమితే అవి నలిగి పొడి అవుతాయి గానీ కోత పెరగదు. మొదట వినిపించే గరగర శబ్దం కొద్దిసేపటికి మెత్తబడుతుంది. అంటే రేణువులు అరిగాయని అర్థం. అప్పుడు తుడిచి, ముఖాన్ని చూసి, అవసరమైతేనే కొత్త పేస్టు పెట్టాలి.

ఒకే వైపు గిరగిరా తిప్పితే ఏమవుతుంది? ఎలక్ట్రిక్ డ్రిల్లుకు బిగించి రుద్దవచ్చా?

వద్దు. ఒకే దిశలో ఆగకుండా తిరిగితే ప్రతి రేణువూ ఒకే దారిలో పోతూ ముఖం చుట్టూ వలయాకారపు గీతలు గీస్తుంది. ఆ గీతలు వాల్వు చుట్టూ పోయే సన్నని కాలువల్లాంటివి. అటూ ఇటూ తిప్పి, మధ్యమధ్య లేపి చోటు మారిస్తే ఒక గీతను మరొకటి చెరిపేసి ముఖం సమంగా వస్తుంది.

ఇది కొత్తగా పుట్టిన నియమం కాదు. అమెరికాలో 1908 నుంచి 1927 దాకా తయారైన ఫోర్డు మోడల్ టీ కారుతో యజమానులకు ఇచ్చిన చేతిపుస్తకంలో కూడా, వాల్వును పూర్తి చుట్టు తిప్పవద్దని, చుట్టూ గీతలు పడతాయని హెచ్చరించారు. ఆ పుస్తకమూ ఈ పుటలాగే ప్రశ్నలు, జవాబుల రూపంలోనే ఉండేది. డ్రిల్లు వేగం వల్ల మరో నష్టం ఉంది: పేస్టు చిమ్మి గైడులోకి, పోర్టులోకి (వాయువులు పోయే దారిలోకి) పోతుంది, ఎంత లోహం పోయిందో చేతికి తెలియదు.

ఎంతసేపు రుద్దాలి? ఎప్పుడు ఆపాలి?

బాగున్న సీటుకు ఫైన్ పేస్టుతో రెండు మూడు నిమిషాలు సరిపోతాయి. కొద్దిపాటి గుంటలున్న ఎగ్జాస్టు సీటుకు రఫ్, ఫైన్ కలిపి పది నిమిషాలు పట్టవచ్చు. అంతకు మించి రుద్దినా గుంటలు పోవడం లేదంటే ఆ పని పుల్లకు తగినది కాదని ఒప్పుకోవాలి. పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక ఎగ్జాస్టు వాల్వును మధ్యాహ్నమంతా రుద్ది, చివరికి గుంటలు పోగొట్టానని సంతోషించాను. ఆ వాల్వు సీటులోకి ఎంత దిగిపోయిందో మా మేస్త్రి కొలిచి చూపించేదాకా నేను చేసింది మరమ్మతు కాదని తెలియలేదు.

ఆపవలసిన గుర్తు ఒక్కటే. వాల్వు ముఖం మీదా, సీటు మీదా చుట్టూ ఎక్కడా తెగకుండా, ఒకే వెడల్పుతో, మసక బూడిదరంగు వలయం కనిపించాలి. మెరవడం అవసరం లేదు. అద్దంలా మెరిసే ముఖం కావాలని కొందరు చివర్లో పేస్టు లేకుండా నూనెతో రుద్దుతుంటారు. దానివల్ల లాభం లేదు. వలయం ఒకవైపు వెడల్పుగా, మరోవైపు సన్నగా ఉంటే వాల్వు వంగిందో, గైడుతో సీటు సూటిగా లేదో అనుకోవాలి. అది రుద్ది సరిచేసేది కాదు.

ఎక్కువ రుద్దితే వచ్చే నష్టమేమిటి?

లెక్క వేసి చూస్తే స్పష్టమవుతుంది. 45 డిగ్రీల సీటు మీద రెండు ముఖాల నుంచి వాటికి లంబంగా కలిపి 0.1 మి.మీ. లోహం పోతే, వాల్వు నిలువుగా దాదాపు 0.14 మి.మీ. లోతుకు దిగుతుంది. పైన వాల్వులుండే ఇంజనులో తల లోపలికి పోయినంత మేర కాడ కొస పైకి వస్తుంది. అంటే 0.20 మి.మీ. ఉన్న ట్యాపెట్ సందు 0.06కు పడిపోతుంది. సరిచేయకుండా ఇంజను నడిపితే వేడికి కాడ సాగి వాల్వు మూసుకోవడం మానేస్తుంది, కొత్తగా రుద్దిన వాల్వు వారం తిరగకుండానే కాలిపోతుంది.

డీజిలు ఇంజనులో మరో సమస్య ఉంది. వాల్వులు హెడ్డు ముఖం కంటే లోతుకు పోయినకొద్దీ దహనగది పరిమాణం పెరిగి కంప్రెషను తగ్గుతుంది. స్టార్టింగు కష్టమవుతుంది, చలికాలం ఉదయాల్లో తెల్లపొగ వస్తుంది. అందుకే డీజిలు ఇంజను మాన్యువల్‌లో వాల్వు లోతుకు గరిష్ఠ హద్దు ఇస్తారు. హెడ్డు మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, ఫీలరు గేజితో ఆ లోతును కొలుచుకోవచ్చు. ఇవన్నీ అలా ఉంచితే, రుద్దినకొద్దీ సీటు వలయం వెడల్పవుతుంది. వెడల్పైన వలయం మీద స్ప్రింగు ఒత్తిడి పలచబడుతుంది, మసి చిక్కుకుంటుంది. మామూలుగా ఇన్‌లెట్‌కు 1 నుంచి 1.5 మి.మీ., ఎగ్జాస్టుకు 1.5 నుంచి 2 మి.మీ. వెడల్పు ఉంటుంది. అంతకంటే పెరిగితే వేరే కోణాల కట్టర్లతో పైనా కిందా కోసి సన్నబరచాలి.

లేతు షాపులో వాల్వునూ సీటునూ మిషను మీద కోయించిన తరువాత కూడా రుద్దాలా?

ఈ ప్రశ్న మీద మెకానిక్కుల మధ్య వాదన ఎప్పుడూ తెగదు. కొన్ని ఇంజన్లలో సీటును 45 డిగ్రీలకు, వాల్వును దానికంటే అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ తక్కువకు కోస్తారు. ఆ చిన్న తేడా వల్ల మొదట్లో సన్నని గీత వెంటే రెండూ తాకి, ఒత్తిడి అంతా అక్కడే పడి, ఇంజను నడిచిన కొద్ది గంటల్లోనే సీలు స్థిరపడుతుంది. అలాంటి చోట పేస్టుతో గట్టిగా రుద్దితే ఆ తేడానే చెరిగిపోతుంది. కనుక అక్కడ ఫైన్ పేస్టుతో నాలుగైదు ఊపులు ఊపి, వలయం చుట్టూ పడుతుందో లేదో చూసుకొని వదిలేయాలి. రెండు కోణాలూ ఒకటే అయిన పాత ఇంజన్లలో మాత్రం కోసిన తరువాత తేలిగ్గా రుద్దడం అవసరమే.

నా అభిప్రాయంలో ఈ పుల్లకు అన్నిటికన్నా మంచి ఉపయోగం ఇదే. మిషను చేసిన పని సరిగ్గా ఉందో లేదో అది దాపరికం లేకుండా చూపిస్తుంది.

అస్సలు రుద్దకూడని వాల్వులు ఉన్నాయా?

ఉన్నాయి. మోటోక్రాస్ వంటి పోటీ మోటారు సైకిళ్లలో వాడే టైటానియం వాల్వుల మీద పలచటి గట్టి పూత ఉంటుంది. పేస్టు తగిలితే ఆ పూత పోయి, కింది మెత్తటి లోహం వేగంగా అరుగుతుంది. అల్యూమినియం పూత పూసిన ఉక్కు వాల్వులకూ ఇదే నియమం. వీటికి సీటును కట్టరుతో కోసి కొత్త వాల్వు వేయడమే మార్గం. కాడ బోలుగా ఉండి లోపల సోడియం నింపిన వాల్వులను పగలగొట్టడం, కోయడం ఎప్పుడూ చేయకూడదు. సోడియం నీటికి తగిలితే మండుతుంది.

సీలు పట్టిందని ఎలా నిర్ధారించుకోవాలి?

మూడు పరీక్షలున్నాయి. మొదటిది పెన్సిలుది. వాల్వు ముఖం మీద మెత్తటి పెన్సిలుతో అర సెంటీమీటరుకొకటి చొప్పున అడ్డగీతలు గీసి, సీటులో దించి, అదిమి పావు చుట్టు తిప్పి తీయాలి. ప్రతి గీతా మధ్యలో తెగి ఉండాలి. తెగని గీత ఉన్నచోట తాకిడి లేదు. రెండోది ప్రష్యన్ బ్లూ రంగును పలచగా పూసి, వాల్వును తిప్పకుండా తట్టి, సీటు మీద పడిన ముద్రను చూడటం.

మూడోది కిరసనాయిలు పరీక్ష. స్ప్రింగులు, లాకులు బిగించాక హెడ్డును తలకిందులుగా మట్టంగా పెట్టి, ప్లగ్గు రంధ్రం మూసి, దహనగదిలో కిరసనాయిలు పోయాలి. డీజిలు హెడ్డు బల్లపరుపుగా ఉంటే పోర్టు వైపు నుంచి పోయాలి. అయిదు నిమిషాలయినా అవతలివైపు చెమ్మ రాకుండా ఉంటే పని బాగా వచ్చినట్టు. కొందరు పెట్రోలుతో చేస్తారు. అది కిరసనాయిలు కంటే త్వరగా కారుతుంది నిజమే గానీ, షెడ్డులో తెరిచిన పెట్రోలు పక్కనే ఎవరో బీడీ వెలిగించడం మనకు తెలియనిది కాదు.

రబ్బరు కప్పు మాటిమాటికీ ఊడిపోతోంది. ఏం చేయాలి?

తల మీద నూనె గానీ, మసి గానీ ఉంటే కప్పు పట్టదు. తుడిచి, కప్పు లోపలి అంచును వేలితో తడిపి అతికించండి. తల మీద ఉబ్బెత్తు అక్షరాలున్నా, మధ్యలో గుంట ఉన్నా చిన్న కప్పు వాడి నున్నటి చోటు వెతకాలి. రబ్బరు పాతబడి గట్టిపడితే కప్పును మార్చడం తప్ప మార్గం లేదు.

చిన్న మోటారు సైకిళ్ల వాల్వులకు ఇంకో ఉపాయం ఉంది. కాడ కొసకు బిగుతుగా పట్టే రబ్బరు పెట్రోలు పైపు ముక్కను తొడిగి, స్ప్రింగు వైపు నుంచి దాన్ని వేళ్లతో అటూ ఇటూ తిప్పుతూ, కొద్దిగా లాగుతూ, మధ్యమధ్య తల వైపు నెట్టి లేపుతూ రుద్దవచ్చు. కప్పు సైజు దొరకని చోట ఇది చాలా బాగా పనిచేస్తుంది.

సీసం లేని పెట్రోలు, గ్యాసు వాడే ఇంజన్లలో సీట్లు త్వరగా పాడవుతాయన్నది నిజమేనా?

పాత ఇంజన్ల విషయంలో నిజం. పెట్రోలులో కలిపే సీసం మండిన తరువాత సీటు మీద పలచటి పొరగా నిలిచి, వాల్వు కొట్టే దెబ్బకు మెత్తలా పనిచేసేది. మన దేశమంతటా 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. దానికి ముందు తయారై, హెడ్డులోని పోత ఇనుమునే సీటుగా వాడుకొన్న ఇంజన్లలో ఎగ్జాస్టు సీటు క్రమంగా లోపలికి అరిగిపోతుంది. ఎల్‌పీజీ, సీఎన్‌జీ కూడా పొడి ఇంధనాలే కాబట్టి గ్యాసుకు మార్చిన పాత ఇంజన్లలో ఈ అరుగుదల ఇంకా వేగంగా ఉంటుంది. వాటిని ఏడాదికొకసారి రుద్దుతూ పోవడం కంటే గట్టి లోహపు సీటు వలయాలను కొట్టించడం శాశ్వత మార్గం.

రుద్దిన తరువాత శుభ్రం చేయడం ఎలా?

రుద్దడానికి పట్టినంత సమయం దీనికీ కేటాయించండి. ముఖాల మధ్య పనిచేసిన పేస్టే, గైడులో గానీ సిలిండరులో గానీ మిగిలితే ఇంజనును లోపలినుంచి తినేస్తుంది. ఇత్తడి, కంచు గైడుల్లో, అల్యూమినియం హెడ్డుల్లో రేణువులు మెత్తటి లోహంలో గుచ్చుకొని నిలిచిపోతాయి కనుక ఇంకా జాగ్రత్త కావాలి. వాల్వు తీసి, సీటును, పోర్టును కిరసనాయిలుతో తడిపిన గుడ్డతో తుడిచి, గైడులో సన్నని బ్రష్షు దూర్చి కడిగి, తెల్లటి గుడ్డతో మళ్లీ తుడవండి. గుడ్డ మీద బూడిదరంగు కనిపించినంతకాలం పని పూర్తి కానట్టే. వాల్వులు బ్లాకులోనే ఉండే పాత సైడ్ వాల్వు ఇంజన్లలో సిలిండరును, పోర్టును ముందుగానే గుడ్డలతో కూరి ఆ తరువాతే పేస్టు డబ్బా మూత తీయాలి.

తిరిగి బిగించేటప్పుడు ఏం గుర్తుంచుకోవాలి?

కాడలకు ఆయిలు పూసి, ఎక్కడి వాల్వును అక్కడే వేయండి. కాడ సీళ్లుంటే కొత్తవి వేయండి, అవి చవకే. లాకులు సరిగా కూర్చున్నాయో లేదో తెలియాలంటే కాడ కొస మీద ప్లాస్టిక్ సుత్తితో ఒకటి రెండుసార్లు తేలిగ్గా తట్టాలి. హెడ్ బోల్టులను మాన్యువల్ చెప్పిన వరుసలో, చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) రెండు మూడు విడతలుగా బిగించి, ఆ తరువాత ట్యాపెట్ క్లియరెన్సు కొత్తగా పెట్టాలి. పాత కొలతే ఉందనుకొని వదిలేయకూడదు. కొన్ని గంటలు నడిపాక మాన్యువల్ చెప్పిన మేరకు బోల్టులు మరోసారి చూసి, ట్యాపెట్లు తప్పనిసరిగా మళ్లీ కొలవండి. కొత్తగా కలిసిన ముఖాలు ఇంకా కొద్దిగా సర్దుకొని ఉంటాయి.

పుల్లను, పేస్టును ఎలా దాచుకోవాలి?

రబ్బరుకు నూనె పడదు కాబట్టి పని అయ్యాక సబ్బునీళ్లతో కడిగి, ఎండ తగలని చోట, కప్పులు దేనికీ ఆనకుండా వేలాడదీయండి. పేస్టు డబ్బా మూత గట్టిగా పెట్టండి. ఎండిపోతే నూనె రకంలో కొద్దిగా ఇంజనాయిలు, నీటి రకంలో నాలుగు చుక్కల నీళ్లు కలిపితే మళ్లీ పనికొస్తుంది. రఫ్ పేస్టు తీసిన వేలితో ఫైన్ పేస్టు మాత్రం తీయకండి.